కారులో పెట్టుకునే గాలి కంప్రెసర్: విప్పి చూశాం, వైరు మార్చాం, గేజ్‌ని నమ్మడం మానేశాం

ఈ రోజు టేబుల్ మీద ఉన్నది టైర్లకి గాలి కొట్టుకునే చిన్న కంప్రెసర్. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ ఉంటుంది కదా, అందులో గుచ్చితే పనిచేసే 12 వోల్ట్‌ల రకం. ఆన్‌లైన్‌లో కొన్నాను. పేరున్న స్టిక్కర్ గీకేశాను. ఇదే డబ్బాని పది పేర్లతో అమ్ముతున్నారు, అందులో ఒక్కడిని తిట్టి లాభం లేదు.

అసలు దీన్ని ఎందుకు విప్పాల్సి వచ్చిందో చెప్తాను. సంక్రాంతి సెలవుల్లో మా బాబాయ్ పిల్లల్ని తీసుకుని ఫ్లెమింగోలు చూద్దామని బయల్దేరాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. రెండు పక్కలా నీళ్లు. చలికాలంలో అయితే పక్షులే పక్షులు. ఎడమ వెనక టైరు మెత్తబడిందని అక్కడ తెలిసింది. నేనేమో ఫుల్ కాన్ఫిడెన్స్‌గా డిక్కీ తీసి ఈ కంప్రెసర్ బయటపెట్టాను. పిల్లల ముందు హీరోయిజం అన్నమాట. రెండు నిమిషాలు డబడబా కొట్టింది, ఆగిపోయింది. దాంతోపాటు పక్క పోర్టులో ఛార్జింగ్ అవుతున్న ఫోన్ కూడా ఆగింది. ఫ్యూజు పోయింది. మా బాబాయ్ తడ నుంచి కాలితో తొక్కే పంపు వేసుకుని రావాల్సొచ్చింది. "ఏందిరా అబ్బయ్యా, బీటెక్ చదివి గాలి కూడా కొట్టుకోలేకపోతివా?" అన్నాడు. ఆ డైలాగ్ ఇంకా మా ఇంట్లో నడుస్తూనే ఉంది.

ఫ్యూజు పోయిందంటే మిషన్ చెడిపోయిందనుకున్నాను. కాదు. మిషన్‌లో మోటార్, పిస్టన్ అన్నీ బాగానే ఉన్నాయి. చెత్తంతా మోటార్ బయట ఉంది: ప్లగ్గు, వైరు, గేజ్. ఆ మూడిట్లో గేజ్ చేసిన నష్టమే పెద్దది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు లోపల ఏముందో చూద్దాం. నాలుగు స్క్రూలు తీస్తే చాలు. ఇది డీసీ మోటార్. దీని షాఫ్ట్‌కి చిన్న పళ్ల చక్రం, అది ఈ పెద్ద చక్రాన్ని తిప్పుతుంది. పెద్ద చక్రానికి పక్కగా ఒక పిన్ను, పిన్నుకి కడ్డీ, కడ్డీ చివర పిస్టన్. పిస్టన్ ఈ అల్యూమినియం సిలిండర్‌లో పైకీ కిందకీ ఆడుతుంది. సైకిల్ పంపే ఇది. చెయ్యి బదులు మోటార్, అంతే. పైన సన్నటి స్టీల్ రేకు ఒకటుంది, చూడండి, బ్లేడు కంటే పల్చగా ఉంది. గాలిని బయటికి పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. సిలిండర్ చుట్టూ గీతలు గీతలుగా ఉన్నాయి కదా, అవి వేడి బయటికి పోవడానికి. మోటార్ వెనక చిన్న ఫ్యాన్ కూడా ఉంది.

డబ్బా మీద "150 పీఎస్ఐ" అని ఇంత లావు అక్షరాలతో రాసుంటుంది. దాన్ని చూసి కొనొద్దు. గొట్టం చివర మూసేసి నడిపితే ఎవడైనా అంత ప్రెషర్ తెప్పిస్తాడు, లోపల చోటు చిటికెడే కాబట్టి. మనకి కావాల్సింది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందన్నది. చిన్న కారు టైరులో సుమారు 22 లీటర్ల చోటు ఉంటుందనుకుందాం. 20 పీఎస్ఐ నుంచి 30కి తేవాలి, అంటే 10 పీఎస్ఐ పెంచాలి. బయట మామూలు గాలి ప్రెషరే 14.7 పీఎస్ఐ. కాబట్టి 10ని 14.7తో భాగించి 22తో గుణిస్తే, సుమారు 15 లీటర్ల బయటి గాలి లోపలికి తొయ్యాలి. నా మిషన్‌కి ఈ పనికి 125 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి 7 లీటర్ల చిల్లర. డబ్బా మీద రాసిందాంట్లో నాలుగో వంతు కూడా కాదు. వాళ్లు చెప్పేది ఎదురు ప్రెషర్ ఏమీ లేకుండా ఉత్తగా తిప్పినప్పటి లెక్క.

సరే, ఫ్యూజు ఎందుకు పోయింది? మల్టీమీటర్ తీశాను. ఇంజన్ ఆన్‌లో పెట్టి, కంప్రెసర్ నడుస్తుండగా మూడు చోట్ల వోల్టేజ్ చూశాను. బ్యాటరీ దగ్గర 13.9. సాకెట్ దగ్గర 13.2. కంప్రెసర్ లోపల, మోటార్ మొదట్లో 10.9. ఇక్కడే ఆగండి. సాకెట్ నుంచి మోటార్ దాకా ఉన్నది ఒక ప్లగ్గు, మూడు మీటర్ల వైరు. ఆ మధ్యలో 2.3 వోల్ట్‌లు మాయం! క్లాంప్ మీటర్‌తో కరెంట్ చూస్తే 12 యాంపియర్లు. 2.3ని 12తో గుణించండి, 27 వాట్లు దాటుతుంది. ఫోన్ రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే ప్లగ్గు, వైరు కలిసి ఒక సోల్డరింగ్ ఐరన్‌లా కాలుతున్నాయి, అదీ కారు డాష్‌బోర్డులో. ప్లగ్గు ముక్కు దగ్గర ప్లాస్టిక్ చూడండి, మెత్తబడి వంకర పోయింది.

ఈ ముక్కు మన ఊళ్లో ఇంకాస్త తొందరగా చెడిపోతుంది. సముద్రం, పులికాట్ దగ్గర ఉన్నవాళ్లకి ఉప్పు గాలి గురించి చెప్పక్కర్లేదు. మాకు కిటికీ బోల్టులే ఆగవు. ప్లగ్గు ముక్కు మీద, లోపలి స్ప్రింగ్ మీద సన్నగా పచ్చటి చిలుము పట్టింది. చిలుము పడితే కరెంట్ పోవడానికి అడ్డు, అడ్డు ఉన్నచోట వేడి, వేడికి స్ప్రింగ్ మెత్తబడుతుంది, మెత్తబడితే కాంటాక్ట్ ఇంకా లూజు. ఇదొక చక్రం.

ఇక వైరు. పైన రబ్బరు తొడుగు లావుగా ఉంటుంది, చూడ్డానికి భలే ఉంటుంది. లోపల తీగలు చూస్తే జాలేస్తుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెల్లగా వస్తే అది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. నాది అదే. అదే సైజు రాగి తీగతో పోలిస్తే కరెంట్‌కి సుమారు ఒకటిన్నర రెట్లు అడ్డు.

ఇక్కడ ఒక మాట. చాలా వీడియోల్లో "వోల్టేజ్ తగ్గితే మోటార్ ఎక్కువ కరెంట్ లాగుతుంది, అందుకే ఫ్యూజు పోతుంది" అంటారు. ఈ రకం మోటార్‌కి అది అంత కరెక్ట్ కాదు. దీంట్లో కరెంట్ పిస్టన్ మీద బరువుని బట్టి ఉంటుంది. టైరులో ప్రెషర్ పెరిగేకొద్దీ పిస్టన్ తొయ్యడం కష్టం, కరెంట్ పెరుగుతుంది. నా దానికి మొదట్లో 9 యాంపియర్లు, 30 పీఎస్ఐ దగ్గర 12. వోల్టేజ్ తగ్గితే జరిగేది వేరే: మోటార్ నిదానంగా తిరుగుతుంది. పని ఎక్కువసేపు పడుతుంది, దాంతోపాటు ఫ్యాన్ కూడా నిదానం, వేడి పెరుగుతుంది. ఇంకో సమస్య, ప్రెషర్ మీద ఆపి మళ్లీ ఆన్ చేస్తే మోటార్‌కి తిరగడానికి బలం చాలక అలాగే బిగుసుకుంటుంది. అప్పుడు మాత్రం కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే ముందు కంప్రెసర్ ఆన్ చేసి, తిరుగుతుండగా గొట్టాన్ని టైరుకి బిగించండి. పైసా ఖర్చు లేని పని ఇది.

మరి నా ఫ్యూజు? సాకెట్ ఫ్యూజు 10 యాంపియర్లది. కంప్రెసర్ 12, ఫోన్ ఛార్జర్ ఇంకో 2 దాకా. మొత్తం 14. 10 యాంపియర్ల ఫ్యూజు 14 దగ్గర వెంటనే పోదు, కాసేపు ఓర్చుకుని పోతుంది. సరిగ్గా అదే జరిగింది. ఫ్యూజు తప్పు ఏమీ లేదు పాపం, దాని డ్యూటీ అది చేసింది.

ఇప్పుడు అసలైన డేంజర్. ఇది విని కొందరు ఏం చేస్తారంటే, 10 తీసేసి 20దో 30దో పెడతారు. మా ఫ్రెండ్ ఒకడు పెట్టాడు కూడా. "బ్రో, ఇప్పుడు సూపర్‌గా నడుస్తోంది" అన్నాడు. నడుస్తుంది, ఎందుకు నడవదు! కానీ డాష్‌బోర్డు వెనక కంపెనీవాడు వేసిన వైరు 10 యాంపియర్ల లెక్కకి వేసింది. రేపు ఎక్కడైనా షార్ట్ అయితే ముందు పోవాల్సిన ఫ్యూజు పోదు, వైరు ఎర్రగా కాలుతుంది. వాడి దగ్గర వాసన రావడం మొదలయ్యాక నాకు ఫోన్ చేశాడు, మంట రాకముందే ప్లగ్గు పీకేశాడు కాబట్టి కారు ఉంది. దయచేసి ఫ్యూజు సైజు మాత్రం పెంచొద్దు. ఫ్యూజు కాపాడేది కంప్రెసర్‌ని కాదు, వైరుని.

నేను చేసిన మార్పు ఏంటంటే, సాకెట్‌ని పూర్తిగా వదిలేశాను. ప్లగ్గు కోసేసి నేరుగా బ్యాటరీకి పెట్టుకునేలా క్రోకడైల్ క్లిప్పులు వేశాను. వైరు కొత్తది, 2.5 స్క్వేర్ ఎంఎం, ఎక్కువ పోగుల మెత్తటి రాగి వైరు. ఇంటికి వాడే బిరుసు వైరు వద్దు, పదిసార్లు చుడితే లోపల విరుగుతుంది. పొడవు నాలుగు మీటర్లు తీసుకోండి. మొదటిసారి నేను రెండున్నర మీటర్లే తీసుకున్నాను. బ్యాటరీ బానెట్ కింద ఉంటుంది, వెనక టైరు ఎక్కడో ఉంటుంది. పెట్టి చూస్తే కంప్రెసర్ ముందు డోర్ దగ్గర వేలాడుతోంది. మళ్లీ షాపుకి పోయాను.

ఎర్ర వైరులో క్లిప్పుకి దగ్గరగా, అంటే జానెడు లోపల, 15 యాంపియర్ల ఫ్యూజు హోల్డర్ వేశాను. క్లిప్పు దగ్గరే ఎందుకు? బానెట్ అంచుకి నలిగి మధ్యలో వైరు చిట్లితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న ముక్కని ఎవరు కాపాడతారు? ఫ్యూజు కంప్రెసర్ దగ్గర ఉంటే దానికి ఆ సంగతే తెలీదు. జాయింట్లు సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ ట్యూబు వేశాను. ఉత్తినే మెలిపెట్టి టేపు చుడితే మన ఉప్పు గాలికి ఒక్క వానాకాలం కూడా ఆగదు.

పెట్టేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. కంప్రెసర్ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. ముందు ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి. తర్వాత నల్ల క్లిప్పు బ్యాటరీకి కాస్త దూరంగా, పెయింట్ లేని ఇంజన్ బోల్టుకి. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దాని పక్కన నిప్పురవ్వ మంచిది కాదు. తీసేటప్పుడు నల్లది ముందు. వైరు ఫ్యాన్ వైపు, బెల్టు వైపు పోకుండా చూసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉంటుంది కాబట్టి మూసిన షెడ్డులో చెయ్యొద్దు.

రిజల్ట్? మోటార్ దగ్గర వోల్టేజ్ 10.9 నుంచి 13.1కి వచ్చింది. అదే టైరు, అదే 20 నుంచి 30 పీఎస్ఐ, 125 సెకన్లు పట్టేది 97కి వచ్చింది. వైరు పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. మొత్తం ఖర్చు నాకు నాలుగొందల లోపే అయ్యింది, రెండోసారి కొన్న వైరుతో కలిపి.

ఇప్పుడు గేజ్. నిజానికి ఈ వీడియో చెయ్యడానికి కారణం ఇదే.

కంప్రెసర్ విప్పిన వారానికి మా అమ్మ కారు సర్వీసుకి ముందు ఒకసారి పంక్చర్ షాపులో చూపించాను. ఆయన టైరు మీద చెయ్యి పెట్టి, "తమ్ముడూ, గాలి ఎవరు చూస్తారు దీనికి?" అన్నాడు. "నేనే అన్నా, నెలకోసారి, 30 పాయింట్లు" అన్నాను గర్వంగా. ఆయన గేజ్ పెట్టాడు. 25. రెండో టైరు, 25. ముందు టైర్లు రెండిటికీ అంచులు అరిగిపోయి ఉన్నాయి, మధ్యలో మాత్రం గాడులు బాగానే ఉన్నాయి. గాలి తక్కువైతే టైరు మధ్య భాగం పైకి వంగి బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. పది నెలలుగా నేను శ్రద్ధగా, క్రమం తప్పకుండా తక్కువ గాలి కొడుతున్నాను. మా అమ్మ ఆ టైర్ల మీదే వారం వారం ఎన్‌హెచ్-16 మీద చెన్నై పోయి వస్తోంది. తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు పక్కగోడలు ప్రతి చుట్టులో ఎక్కువగా నలుగుతాయి, వేడెక్కుతాయి. ఎండాకాలంలో హైవే మీద టైర్లు పేలడానికి ఇదొక పెద్ద కారణం. చాలామంది ఎక్కువ గాలి వల్లే పేలుతాయనుకుని ఎండాకాలం గాలి తగ్గిస్తారు, అది ఉల్టా. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫ్యాక్టరీ చూస్తే మన పక్కనే, చిన్నపండూరులో అపోలో వాళ్లు 2020 నుంచి టైర్లు తయారు చేస్తున్నారు. ఊరి పక్కనే టైర్లు తయారవుతున్నా గాలి చూసుకోవడం నాకు రాలేదు.

గేజ్ ఎక్కడ అబద్ధం చెప్పింది? రెండు చోట్ల. ఒకటి, కంప్రెసర్ నడుస్తున్నప్పుడు గేజ్ చూపించేది టైరులో ప్రెషర్ కాదు, గొట్టంలో ప్రెషర్. గాలిని సన్నటి వాల్వ్‌లోంచి తొయ్యాలి కాబట్టి గొట్టంలో ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. నా దాంట్లో ఆన్‌లో 30 చూపిస్తే, ఆఫ్ చెయ్యగానే ముల్లు 28కి పడుతుంది. నేను పడేదాకా ఆగేవాడిని కాదు, 30 రాగానే పీకేసేవాడిని. రెండు, ఆఫ్‌లో కూడా ఈ గేజ్ 3 ఎక్కువ చూపిస్తోంది. పంక్చర్ షాపు గేజ్, బంకులో డిజిటల్ మిషన్, నేను కొత్తగా కొన్న పెన్ను లాంటి గేజ్, మూడిటితో పోల్చాను. ఆ మూడూ ఒక పాయింట్ తేడాలో ఒకే మాట మీద ఉన్నాయి. ఇది ఒక్కటే వేరే లోకంలో ఉంది. ఒక్క గేజ్‌తో పోల్చి తీర్పు చెప్పొద్దు, అది కూడా తప్పయి ఉండొచ్చు. బంకుల్లో గాలి ఉచితంగానే ఇవ్వాలి, మొహమాటపడకుండా చెక్ చేయించుకోండి.

దీన్ని బాగు చేద్దామని గొట్టం మధ్యలో టీ జాయింట్ పెట్టి మంచి గేజ్ బిగించాను. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు. టేపు చుట్టాను, మళ్లీ బుడగలు. రెండు ఆదివారాలు పోయాయి. చివరికి అది పీకేసి పాత గేజ్ అద్దం మీద తెల్ల కాగితం అంటించాను: "ఆఫ్ చేసి చూడు, 3 తీసెయ్". లాస్ట్‌లో పెన్ను గేజ్‌తో చూస్తాను. అంతకంటే మంచి మార్పు దీనికి లేదని నా అభిప్రాయం.

గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసేది చల్లటి టైరు లెక్క. హైవే మీద గంట నడిపితే టైరు 20 డిగ్రీలు వేడెక్కిందనుకోండి, 30 ఉన్నది 33 చూపిస్తుంది. అమ్మో ఎక్కువైందని వదిలెయ్యకండి, చల్లారాక 27కి పోతుంది. కొన్ని గేజ్‌ల మీద కేజీల్లో, బార్‌లో ఉంటుంది. 30 పాయింట్లంటే సుమారు 2.1.

బైకుల వాళ్లు, శ్రీసిటీకి డ్యూటీకి పోయే మన తమ్ముళ్లు చాలామంది అడిగారు. బైకు టైరులో చోటు చాలా తక్కువ, కంప్రెసర్ కొన్ని సెకన్లలోనే దాటించేస్తుంది. ఇంకోటి, మర తిప్పి బిగించే మూతి తీసేటప్పుడు ఆ మూడు నాలుగు చుట్లు తిరిగేలోపు బుస్సుమని గాలి పోతుంది. కారుకి తెలీదు, బైకుకి తెలుస్తుంది. దానికి నొక్కి పట్టే లివర్ రకం మూతి దొరుకుతుంది, అది మార్చుకోండి. వాల్వ్ క్యాప్ మాత్రం పారెయ్యకండి. ఉప్పు, ఇసుక వాల్వ్ పిన్ను దాకా పోకుండా ఆపేది అదే.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. సిలిండర్‌లో ఇంజన్ ఆయిల్ పొయ్యకండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఆయిల్ ఆవిరి ఆ వేడిలో ఉండటం మంచిది కాదు, పిస్టన్ చుట్టూ ఉన్న సీలు కూడా పాడవుతుంది. పళ్ల చక్రాలకి మాత్రం కొంచెం గ్రీజు. పది నిమిషాలు నడిపితే ఇంకో పదిహేను, ఇరవై నిమిషాలు రెస్ట్. నడిచిన వెంటనే గొట్టం ఇత్తడి మూతి పట్టుకోవద్దు. ఇదిగో, నా బొటనవేలి మీద మచ్చ.

మీరు అడగబోయేది నాకు తెలుసు, వైరు లేని బ్యాటరీ పంపు కొనుక్కోవచ్చు కదా అని. కొనుక్కోవచ్చు. బైకుకి బాగుంటుంది. కానీ మే నెలలో ఎండలో నిలబెట్టిన కారులో లిథియం బ్యాటరీ వదిలేయడం నాకు ఇష్టం లేదు. పైగా అవసరమైన రోజే ఛార్జింగ్ ఉండదు.

మొన్న మా బాబాయ్ దీన్ని తన టాటా ఏస్‌కి పెట్టాడు. భీములవారిపాలెం నుంచి చేపల లోడు. లోడు బండి వెనక టైర్లకి కారు కంటే చాలా ఎక్కువ ప్రెషర్ కావాలి. ఏడు నిమిషాలు నడిచేసరికి సిలిండర్ మీద నీటి చుక్క వేస్తే చుర్రుమంది. ఆపించాను. "ఆగు బాబాయ్, ఇరవై నిమిషాలు" అంటే, "చేపలు ఆగుతాయంట్రా?" అన్నాడు. డిక్కీలోంచి తొక్కుడు పంపు తీశాడు, మిగతాది నాతోనే తొక్కించాడు.